ఇల్లు ఖాళీ చేస్తున్నాం

మా అత్తయ్యకు చూపు పోయింది బందరులో మేం అద్దెకున్న ఇంట్లోనే. ఒక్కసారిగా పోలేదు, కొన్నేళ్ళపాటు కొంచెం కొంచెంగా పోయింది. ఆవిడ దివిసీమ మనిషి. నాగాయలంక దగ్గర పొలం గట్ల మీద నిలబడి కూలీలతో పని చేయించిన మనిషి. కళ్ళు ఇక దక్కవని డాక్టరు చెప్పాక కూర్చుని ఏడవలేదు. చూపు పూర్తిగా పోయేలోపు ఇల్లంతా చేతులతో నేర్చేసుకుంది. మంచం దిగగానే కుడిచేతికి బీరువా, బీరువా అయ్యాక కుట్టుమిషను, ఆ తర్వాత బియ్యం డ్రమ్ము, డ్రమ్ము దాటితే వంటింటి గుమ్మం. రోజూ పొద్దున్నే ఆ దారెంట తనే వెళ్ళి, స్టవ్ వెలిగించుకుని, కాఫీ కలుపుకునేది. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేది. "గేటు బయటే నేను గుడ్డిదాన్ని. లోపల కాదు," అనేది. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళకు ఆవిడకు కనపడదన్న సంగతి తెలిసేసరికి వాళ్ళు టీ తాగడం కూడా అయిపోయేది.

ఆ ఇల్లు మారితే మాకు సామాను మోసుకునే కష్టం, అంతే. ఆవిడకు మాత్రం కళ్ళు రెండోసారి పోయినట్టే. ఇది నాకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు. అలాంటి ఇంట్లోంచి మమ్మల్ని బయటికి ఈడ్చింది ఒక తెలుగు మాట. అది అన్నది నేను. నేనేమో బళ్ళో తెలుగు చెబుతాను.

నిరాడంబరంగా బతకాలన్న పురుగు నా బుర్రలోకి ఫోన్లోంచి దూరింది. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి ఒక వీడియో పంపింది. తెల్లటి గది. అందులో ఒక చాప, ఒక కప్పు, ఒక కిటికీ. ఒకమ్మాయి ఆ కప్పు కడుగుతుంది, బోర్లిస్తుంది, కిటికీలోంచి బయటికి చూస్తుంది. అంతే, ఇంకేం జరగదు. అన్నం ఉడికేదాకా నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. తలెత్తితే మా వంటిల్లు కనిపించింది. పెళ్ళిళ్ళలో పంచిన స్టీలు డబ్బాలు, డబ్బాల్లో డబ్బాలు, హార్లిక్స్ సీసాలు, ఒక కవరు నిండా మడత పెట్టిన కవర్లు. అటక మీద మా ఆయన సామ్రాజ్యం మొదలవుతుంది. ప్రాణం పోయిన మిక్సీలు, రెక్కలు లేని ఫాను, ఫాను లేని రెక్కలు. మా ఆయన కోర్టులో గుమాస్తా. ఏ కాగితమూ పారెయ్యకూడదని అక్కడ నేర్పారు. ఆయన ఆ చట్టాన్ని మిక్సీలక్కూడా వర్తింపజేశాడు. "ఉండనీ, ఎప్పుడన్నా పనికొస్తుంది," అన్నది ఆయన నోటి నుంచి రోజూ వినే మాట. మిగతా మాటలు తక్కువ.

నాకు ఒళ్ళు మండింది. ఆ ఆదివారమే చీర బొడ్లో దోపి మొదలుపెట్టాను. అత్తయ్య దారిలో ఉన్నవేవీ ముట్టుకోనని ముందే ఆవిడకు మాటిచ్చాను. మిగిలినవన్నీ తెచ్చి వరండాలో పెట్టాను. టీపాయ్, చెప్పుల స్టాండు, పుస్తకాల రాకు, ప్లాస్టిక్ స్టూళ్ళు, డబ్బాలు, సీసాలు. మా ఆయన మిక్సీలను కూడా దింపాను. ఆయన వాటిని ఒకసారి నిమిరి బజారుకి వెళ్ళిపోయాడు.

అప్పుడే ఎదురింటావిడ గేటు దగ్గర ఆగింది. వరండాలోకి చూసి, ఏంటండీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగింది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, చెమటలు కారుతూ, ఎంతో గర్వంగా, "అవునండీ, ఇల్లు మొత్తం ఖాళీ చేసేస్తున్నాం," అన్నాను.

ఈ మాట వింటే తెలుగుదేశంలో ఎవరికైనా తట్టే అర్థం ఒక్కటే, అద్దెవాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నారని. పదో తరగతి పిల్లలకు నానార్థాలు నేనే చెబుతాను. ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు.

సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఎందుకు వెళ్తున్నామో కూడా వాళ్ళే తేల్చేశారు. మా ఆయనకు అవనిగడ్డ కోర్టుకి బదిలీ అయిందని కొందరు, బెజవాడలో ఫ్లాటు కొన్నామని కొందరు. ఫ్లాటు కొన్నవాళ్ళు అన్ని పాత సామాన్లు వదిలించుకోవడం సహజమేనని రెండో మాటకే బలం ఎక్కువొచ్చింది. వరండాలో పెట్టినవన్నీ చకచకా వెళ్ళిపోయాయి. టీపాయ్ ఎదురింటికి, పుస్తకాల రాకు ట్యూషన్ చెప్పే మాస్టారింటికి. అందరూ ఇంత సంతోషంగా తీసుకెళ్తున్నారంటే నిరాడంబరత అంటే జనానికి ఎంత ఇష్టమో అనుకున్నాను.

మర్నాటి నుంచి ఇల్లు చూడ్డానికి జనం రావడం మొదలైంది. ఒకాయన నేరుగా మధ్య గదిలోకి వచ్చి, టేపు తీసి, మంచం పడుతుందో లేదో కొలుచుకున్నాడు. నేను అన్నం తింటున్నాను. ఒకావిడ కుళాయి తిప్పి చూసి, నీళ్ళు ఉప్పగా ఉంటాయా అని అత్తయ్యను అడిగింది. మంచినీళ్ళేనమ్మా, వేసవిలో మాత్రం కాస్త తగ్గుతాయి అని అత్తయ్య చక్కగా చెప్పింది. ఎవరో నీళ్ళ కోసం వచ్చారనుకుందట. మేం ఎక్కడికీ వెళ్ళడం లేదండీ అని నేను నెత్తీ నోరూ బాదుకుంటుంటే, వాళ్ళు చుట్టూ చూసేవాళ్ళు. బోసిపోయిన గోడలు, మూలన మూడే మూడు గిన్నెలు, ఒక చాప. అలాగేనండీ అని జాలిగా నవ్వి, ఖాళీ అయ్యాక ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చి వెళ్ళేవాళ్ళు.

చర్చిలో సంగతి ఇంకా దూరం వెళ్ళింది. బుధవారం స్త్రీల కూటానికి మామూలుగానే వెళ్ళాను. మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరే లేచి నా గురించి మాట్లాడ్డం మొదలుపెట్టారు. నా ప్రార్థన గురించి, నా పాట గురించి, క్రిస్మస్‌కి నేను చేసే బూందీ గురించి. నా పాట గురించి అంతకుముందు ఎవరూ మంచి మాట అన్నది లేదు. అది వీడ్కోలు కూటమని తెలిసేసరికి సగం మంది ఏడుస్తున్నారు. ఆపి, నేను వెళ్ళడం లేదని చెప్పాలంటే మనసు రాలేదు. అంత బాగా మాట్లాడుతున్నారు మరి. నాక్కూడా ఏడుపొచ్చింది. చివర్లో ఒక పెద్ద డిన్నర్ సెట్టు చేతిలో పెట్టారు. అట్టపెట్టెలు ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చేటన్ని. ఒక కప్పుతో బతకాలనుకున్న మనిషిని, ఊరందరికీ వడ్డించేటన్ని పళ్ళాలతో ఆటోలో ఇంటికొచ్చాను.

ఇంతవరకూ నవ్వులాటే. గుడివాడ నుంచి ఫోన్ వచ్చాక కాదు. మా ఇంటి ఓనరు గారిది పెదపారుపూడి. వ్యవసాయం కౌలుకిచ్చి గుడివాడలో ఎరువుల కొట్టు పెట్టుకున్నారు. మేం బాబాయి గారని పిలుస్తాం. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "టీచరమ్మా, ఇన్నేళ్ళున్నారు. ఖాళీ చేస్తున్నట్టు నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా?" అన్నారు. బదిలీ మీద వస్తున్న బ్యాంకు ఉద్యోగికి ఇల్లు ఇస్తానని అప్పటికే మాటిచ్చేశారట.

నా నోరు మళ్ళీ నన్ను ముంచింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం గానీ బాబాయి గారూ, ఖాళీ చెయ్యడం లేదు," అన్నాను.  ఆయన, అబ్బాయి గారున్నారా అని మా ఆయన కోసం అడిగారు.

ఫోన్లో తెగేది కాదని బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. ఎరువుల బస్తాల మధ్య కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఆయన ఓపిగ్గా విన్నారు. వీడియో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ అమ్మాయి కప్పు కడగడం, బోర్లించడం మొత్తం చూశారు. పాపం ఎవరూ లేరా ఈ పిల్లకి అని అడిగారు. నేను అత్తయ్య సంగతి ఎత్తాను. ఆ బీరువా, ఆ మిషను, ఆ డ్రమ్ము, ఆవిడ చేతి దారి అంతా వివరించాను. అది విన్నాక ఆయన మొహం మారింది. "సంగతి ఆవిడ దాకా వస్తే ఎట్టాగమ్మా. వాళ్ళింకా పాలు పొంగించలేదు గదా, రేపు నేను మాట్లాడతాను," అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయాను.

బాబాయి గారు పూజ అయ్యేదాకా ఫోన్ పట్టుకోరు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ బ్యాంకు కుటుంబానికి అంత పొద్దున్నే ముహూర్తం ఉందన్నది మాత్రం తెలియదు.

తెల్లవారుతుండగా గేటు చప్పుడైంది. తీసి చూస్తే పట్టుచీరలో ఒక పెద్దావిడ, ఆవిడ వెనక కొడుకు, కోడలు, కోడలి భుజం మీద నిద్రపోతున్న పసిపిల్ల. చేతుల్లో పాల క్యాను, పసుపు, కుంకుమ, దేవుడి పటం. రేపట్నుంచి మూఢమట. ఇవాళ తప్పితే మళ్ళీ చాలా రోజుల దాకా మంచి ముహూర్తం లేదట. మేం నిదానంగా సామాను సర్దుకోవచ్చట, తొందరేం లేదట, ఒక్క అరగంట వంటిల్లు ఇస్తే పాలు పొంగించుకుని వెళ్తామని ఆ పెద్దావిడ రెండు చేతులూ జోడించింది.

మాది క్రైస్తవుల ఇల్లు. పాలు పొంగడానికి మా లెక్కలో పెద్ద అర్థం లేదు, మళ్ళీ స్టవ్ తుడుచుకోవాలి అన్నది తప్ప. కుదరదండీ అని అనాల్సింది. పట్టుచీరలో వచ్చిన ముసలావిడని, చంటిపిల్ల తల్లిని, గుమ్మంలోంచి ఎలా పంపిస్తాం. రండి రండి అన్నాను. పైగా వాళ్ళ గిన్నె చిన్నదైపోతే మా గిన్నె ఇచ్చాను. మూడిట్లో పెద్దది.

అత్తయ్య అప్పటికే లేచింది. బీరువా, మిషను, డ్రమ్ము దాటి వంటింటి గుమ్మంలో నిలబడి, వాళ్ళకు తూర్పు ఎటో చూపించింది. అగ్గిపెట్టె ఎక్కడుందో చెప్పింది. ఆ కోడలు, ఎంత చురుగ్గా ఉన్నారండీ మామ్మగారు, మా అత్తగారికి కళ్ళు సరిగ్గా ఆనక అన్నీ తడుముకుంటారు అంది. అత్తయ్య చిన్నగా నవ్వింది. పాలు పొంగాయి. అందరూ సంతోషించారు. మేం కూడా పరమాన్నం తిన్నాం. బాగుంది, యాలకులు బాగా వేశారు.

బాబాయి గారు పూజ ముగించి వాళ్ళకు ఫోన్ చేసేసరికి వాళ్ళు ఆయనకు శుభవార్త చెప్పారు. ఆయన నాకు చేశారు. "పాలు కూడా పొంగించేశారటగా. ఇక నా చేతిలో ఏముందమ్మా." పొయ్యి మాది, గిన్నె మాది అని నేను వాదించాను. "పాలు వాళ్ళవి గదమ్మా," అన్నారాయన.  ఒక ఇంట్లో పాలు పొంగించుకున్నవాళ్ళని వెళ్ళిపొమ్మనడం ఆయన వల్ల కాదు, ఆయన వంశంలో ఎవరి వల్లా కాదు. కోర్టుకెళ్దామా అని మా ఆయన్ని అడిగాను. చాలా రోజుల తర్వాత ఆయన పగలబడి నవ్వాడు.

ఇక ఇళ్ళ వేట. కోనేరు సెంటరు చుట్టుపక్కల కనపడ్డ ప్రతి టూలెట్ బోర్డూ చూశాం. అత్తయ్య నేనూ వస్తానంది. ఆవిడ ఒక్కో ఇంట్లో గోడలు తడిమి, గుమ్మాల ఎత్తు కాలితో చూసి, ఇది చెమ్మ ఇల్లు, ఇది ఎలుకల ఇల్లు అని ఓనర్ల మొహం మీదే చెప్పేసేది. ఎలుకలున్నాయని ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. ఇద్దరు ఓనర్లకు మా మీద కోపమొచ్చింది. చిన్న ఇళ్ళన్నీ అయిపోయాయి. చివరికి దొరికింది మా చర్చి పెద్ద ఒకాయనది, పాతకాలపు మండువా ఇల్లు. సగం పెళ్ళి జరిపించగలిగేంత హాలు. అద్దె తగ్గించి ఇచ్చారు, ఎందుకంటే మేం ఊరు వదిలి వెళ్ళకుండా ప్రార్థన పనిచేసిందని వాళ్ళ నమ్మకం.

సామాను మార్చడానికి నాగాయలంక నుంచి మా ఆయన బావ ట్రాక్టరూ, దానికి ట్రక్కూ, పురి తాళ్ళూ, ఇద్దరు మనుషుల్నీ పంపించాడు. వాళ్ళు సామానంతా ఎక్కించారు. ట్రక్కులో ఒక మూల కూడా నిండలేదు. మిగతాది ఎక్కడుందమ్మా అని అడిగారు. ఇంతే అన్నాను. వాళ్ళు మా ఆయన వైపు చూసి తలలు దించుకున్నారు. ఆ రాత్రికే దివిసీమలో మేం దివాలా తీశామని చెప్పుకున్నారు.

కొత్త ఇంట్లో అత్తయ్య మంచం గోడ పక్కన వేశాం. పొద్దున ఆవిడ లేచి కుడిచెయ్యి చాపింది. బీరువా తగిలింది. దాని తర్వాత మిషను అందడానికి చెయ్యి చాపితే గాలి తగిలింది. ఆ హాలు అంత వెడల్పు. ఇంకొంచెం వెళ్ళింది. ఇంకా గాలే. అక్కడే ఆగిపోయింది. కాసేపు నిలబడి, మెల్లగా వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంది. నేను కాఫీ తెచ్చి చేతికిచ్చాను. తీసుకుంది. బాగుందమ్మా అంది. ఆవిడ నా కాఫీని ఏ రోజూ మెచ్చుకోలేదు.  ఆ రోజంతా ఆవిడ మంచం దిగలేదు. మర్నాడూ అంతే. చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్తే విదిలించలేదు. అది చూసి నాకు ఏడుపాగలేదు.

సాయంత్రం బడి నుంచి నేరుగా పాత వీధికి వెళ్ళాను. సిగ్గూ ఎగ్గూ వదిలేసి ఎదురింటి తలుపు కొట్టి, నా టీపాయ్ నాకిచ్చెయ్యండి అన్నాను. దాని మీద వాళ్ళ టీవీ నడుస్తోంది. సీరియల్ అయ్యేదాకా కూర్చున్నాను. మాస్టారింట్లో పుస్తకాల రాకు అడిగితే, ట్యూషన్ పిల్లలు ఎదురుగా ఉండగానే పుస్తకాలన్నీ కింద పెట్టి ఇచ్చారు. ఫ్లాటు కొన్నవాళ్ళు ఎంత పిసినారులో అని వెనకనుంచి వినపడింది. వినపడనీ. అన్నీ ఆటోలో వేసుకుని ఇంటికి వెళ్ళేసరికి గేటు ముందు ఒక తోపుడు బండి ఆగి ఉంది. దాని మీద చెప్పుల స్టాండు, స్టూళ్ళు, మిక్సీలు, రెక్కలు లేని ఫాను. ఎదురింటికీ మాస్టారింటికీ వెళ్ళినవి తప్ప, నేను పారేసినవేవీ మా ఆయన పోనివ్వలేదు. సైకిల్ షాపు స్నేహితుడి కొట్టు వెనక దాచుకున్నాడు. ఒక్కొక్కటీ దించి నా ముందు పెడుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది. నేనూ ఒక చెయ్యి వేసి స్టూళ్ళు దించాను.

మర్నాడు బడికి వెళ్ళేముందు ఇద్దరం కూర్చుని దారి వేశాం. బీరువా తర్వాత టీపాయ్, టీపాయ్ తర్వాత మిషను. స్టూలు మీద స్టూలు పెట్టి, దాని మీద చచ్చిన మిక్సీ, చెయ్యి ఎత్తుకి సరిపోయేలా. ఆ తర్వాత పుస్తకాల రాకు, డ్రమ్ము, చెప్పుల స్టాండు. డిన్నర్ సెట్టు అట్టపెట్టెలు విప్పకుండానే నిలువుగా పేర్చాం. హాలు మధ్యలో ఏ పనీ లేని వస్తువులు వంకరగా వరస కట్టి నిలబడ్డాయి. అద్దె అడగడానికి వచ్చిన చర్చి పెద్ద గుమ్మంలోనే ఆగి, సర్దుకున్నాక మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

అత్తయ్యను పిలిచాం. ఆవిడ లేచింది. బీరువా, టీపాయ్, మిషను. మిక్సీ మీద చెయ్యి పడగానే ఇదేంట్రా అని ఆగి, తడిమి, నవ్వుకుని ముందుకి కదిలింది. రాకు, డ్రమ్ము, స్టాండు. అట్టపెట్టెల దగ్గరికి వచ్చింది. అట్టపెట్టెలకీ వంటింటి గుమ్మానికీ మధ్య ఇంకా జాగా మిగిలిపోయింది. ఇంట్లో అక్కడ పెట్టడానికి మరో వస్తువు లేదు. ఆవిడ చెయ్యి గాల్లో వెతుకుతోంది. నేను గబగబా వెళ్ళి ఆ జాగాలో నిలబడ్డాను.

చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. భుజం మీంచి మెడ, మెడ మీంచి జడ.

"ఇదేంటి, ఇక్కడేదో కొత్తది పెట్టారు," అంది.

"నేనే అత్తయ్యా."

ఆవిడ నా భుజాన్ని ఇంకోసారి నొక్కి చూసింది. "ఎత్తు సరిపోయింది. కదలకు, ఇక్కడే ఉండు," అని నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించుకుంది.

ఆవిడ కాఫీ కలుపుకుని, నిదానంగా తాగి, గ్లాసు కడిగి, తిరిగొచ్చి నా భుజం పట్టుకునేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆ రోజు బడికి ఆలస్యమైంది.